బాయిలరు ముల్లు ఎందుకు పడిపోవును?

బ్రిటను వంటి చలిదేశములలో ఇంటినంతటిని వెచ్చబరచుటకు ఒక బాయిలరు నమర్చుదురు. అందు కాగిన నీరు గొట్టముల ద్వారా గదులలోని రేడియేటర్లకు పోయి, చల్లబడి, తిరిగి బాయిలరును చేరును. వలయము మూసియున్నందున నీరు తగ్గరాదు. చల్లగా నున్నపుడు పీడనమాపకము సాధారణముగా 1 నుండి 1.5 బార్ల వరకు చూపును. (ఒక బారు రమారమి వాతావరణ పీడనమునకు సమానము.) అయితే కొన్ని యిండ్లలో ముల్లు మాటిమాటికి సున్నవైపు జారి, బాయిలరు ఆగిపోవును. నీరెక్కడికి పోయినట్లు?

గొట్టములు విప్పుటకు ముందు, ముల్లు ఏ వేళ కదలుచున్నదో గమనింపవలెను. వేడిచల్లలతో నిమిత్తము లేక మెల్లగా దిగుచున్నచో, ఎక్కడనో కారుచున్నదన్నమాట. వేడిగొట్టముపై చెమ్మ బొట్టుగా రాలకముందే ఆవిరియై పోవచ్చును. అతుకులవద్ద మరకలు మాత్రము మిగులును. బాయిలరు క్రింది కవాటములను రాత్రియంతయు మూసియుంచి చూడవచ్చును. ముల్లు దిగినచో దోషము బాయిలరులోనిది; నిలిచియుండి, తెరువగానే పడినచో గొట్టములలోనిది.

కాగునపుడు ముల్లు 3 బార్లకు ఎగసి, చల్లారగానే పడిపోవుట వేరొక రోగము. ఇది చిత్రమైనది. 100 లీటర్ల నీరు 10 డిగ్రీల నుండి 80 డిగ్రీల సెంటిగ్రేడుకు కాగినచో సుమారు 3 లీటర్లు పెరుగును. ఆ పెరుగుదలకు చోటిచ్చునది వ్యాకోచపాత్ర. దానిలో రబ్బరుపొర కొకవైపు నీరు, వేరొకవైపు గాలి యుండును. గాలి 12 లీటర్లు, మాపకము 1 బారు అనుకొందము. వాతావరణ పీడనమును కలిపిన అసలు పీడనము 2 బార్లు. గాలి వేడెక్కలేదనుకొన్నచో, బాయిల్ సూత్రము ప్రకారము అది 9 లీటర్లకు నొక్కుకొనగా 2×12÷9, అనగా 2.67 బార్లగును. మాపకము 1.67 చూపును. భయము లేదు.

గాలి పోయి 3 లీటర్లే మిగిలినదనుకొనుడు. అది 1.5 లీటర్లకు కుదియునప్పటికే మాపకము 3 బార్లు చేరి, రక్షక కవాటము తెరచుకొనును. మిగిలిన 1.5 లీటర్ల నీరు గోడవెలుపలి గొట్టము గుండ పోవును. చల్లారిన పిమ్మట గాలి 4.5 లీటర్లకు విస్తరింపగా మాపకము 0.33 మాత్రమే చూపును. ఇంటిలో ఎక్కడను తడి కనబడదు! తెరచుకొన్న కవాటములో మడ్డి చిక్కుకొన్నచో అది మరల సరిగా మూసుకొనక కారుచునే యుండును.

ప్రతిదినము నీరు నింపుచు కాలము గడపువారు కలరు. కొత్తనీటితో వచ్చు ఆమ్లజని ఉక్కు రేడియేటర్లను లోపల తుప్పు పట్టించును. వ్యాకోచపాత్రకు మోటారు టైరుకున్నట్టి చిన్న వాల్వు ఉండును. దాని సూదిని నొక్కినపుడు నీరు చిమ్మినచో రబ్బరుపొర చినిగినదని తెలియును. నీరు రాక, గాలి మాత్రము చాలకున్నచో, నీటి పీడనమును సున్నకు దింపి పంపుతో గాలి కొట్టవలెను. బాయిలరు మూత విప్పి గ్యాసు భాగములను ముట్టుట బ్రిటనులో రిజిస్టరైన పనివారికే చెల్లును.