రొమ్ము క్యాన్సర్: మందు కంటే ముందు హెర్-2 రిపోర్టు

పక్కపక్క ఇళ్లలోని ఇద్దరు ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ అని తేలిందనుకుందాం. ఒకామెకు కీమోతో పాటు మూడు వారాలకోసారి ఇంకో ఇంజక్షన్ ఇస్తారు. రెండో ఆమెకు దాన్ని అసలు రాయరు. రోగం ఒకటే అయినప్పుడు మందులు వేరెందుకు? నిజామాబాద్ జిల్లా మెండోర లాంటి ఊళ్ల నుంచి వైద్యానికి హైదరాబాద్ దాకా వెళ్లే కుటుంబాలకు ఈ సందేహం రావడం సహజం. జవాబు తరచూ గడ్డలోనే ఉంటుంది. దాని పేరు హెర్-2.

హెర్-2 విషం కాదు, బయటి నుంచి వచ్చిందీ కాదు. అందరి ఒంట్లోనూ కొన్ని కణాల పైపొర మీద ఉండే ప్రోటీన్ ఇది. ‘పెరుగు, విభజన చెందు’ అనే సంకేతాన్ని లోపలికి పంపడం దీని పని. మామూలు రొమ్ము కణం మీద ఇవి సుమారు 20 వేలు ఉంటాయి. 17వ క్రోమోజోమ్ మీది హెర్-2 జన్యువుకు లెక్కకు మించి నకళ్లు పుడితే, అదే కణం మీద ఇవి 20 లక్షల దాకా చేరతాయి. ఒక పోలిక చూద్దాం: మెండోర మండలం పోచంపాడు దగ్గరి శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 42 గేట్లున్నాయి. వాటి స్థానంలో 4,200 గేట్లు పెట్టి అన్నీ ఒకేసారి ఎత్తితే వరద ఎలా అదుపు తప్పుతుందో, ఆగకుండా వచ్చే సంకేతాలతో కణం పెరుగుదల అలాగే అదుపు తప్పుతుంది.

అమెరికా వైద్యుడు డెన్నిస్ స్లేమన్ బృందం 1987లో 189 రొమ్ము గడ్డలను పరీక్షించింది. దాదాపు 30 శాతం గడ్డల్లో ఈ జన్యువు నకళ్లు పెరిగి కనిపించాయి. ఆ రోగుల్లో జబ్బు త్వరగా తిరగబెట్టింది. ఇప్పటి అంచనా ప్రకారం రొమ్ము క్యాన్సర్లలో 15 నుంచి 20 శాతం ఈ రకం. హెర్-2కు అతుక్కుని సంకేతాన్ని అడ్డుకునే, రోగనిరోధక కణాలను అక్కడికి రప్పించే ట్రాస్టుజుమాబ్ అనే యాంటీబాడీకి 1998లో అమెరికా అనుమతి దొరికింది. తొలిదశ రోగుల్లో కీమోకు దీన్ని జోడిస్తే జబ్బు తిరగబెట్టడం దాదాపు సగం తగ్గుతుందని 2005లో వెలువడిన ఫలితాలు చూపాయి.

అలాగని ఎక్కువగా ఉన్న ప్రతి ప్రోటీనూ మందుకు గురి కాదు. అది మందుకు అందే చోట ఉండాలి. మంచి కణాల మీద తక్కువగా ఉండాలి. అన్నిటికీ మించి, క్యాన్సర్ దాని మీదే ఆధారపడి బతుకుతూ ఉండాలి. హెర్-2 గుండె కండరంలోనూ కొంత ఉంటుంది. అందుకే ట్రాస్టుజుమాబ్ ఇంజక్షన్ మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు గుండెకు ఎకో పరీక్ష చేస్తారు.

హెర్-2 ఎంత ఉందో బయాప్సీ ముక్కకు రంగు పట్టించే ఐహెచ్‌సీ పరీక్ష చెబుతుంది. స్కోరు సున్నా, ఒకటి వస్తే నెగెటివ్. మూడు వస్తే పాజిటివ్. రెండు వస్తే తేల్చి చెప్పలేరు కాబట్టి జన్యు నకళ్లను లెక్కించే ఫిష్ పరీక్షకు పంపుతారు. నెగెటివ్ వచ్చినవాళ్లకు ట్రాస్టుజుమాబ్ రాయకపోవడం నిర్లక్ష్యం కాదు. ఆ గడ్డలో అది పట్టుకోవడానికి తగినంత హెర్-2 లేదు.

ఖరీదు మాటకొస్తే, ఒకప్పుడు ఈ మందు సామాన్యుడికి అందనిది. 2013లో దీని తయారీదారు రోష్ కంపెనీ మన దేశంలో దీని పేటెంటును వదులుకుంది. అదే ఏడాది బెంగళూరు బయోకాన్ తయారుచేసిన, ఇదే మందును పోలిన బయోసిమిలర్‌కు అనుమతి వచ్చింది. 2018లో హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ కూడా తన రకాన్ని మార్కెట్లోకి తెచ్చింది. 2015లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్రాస్టుజుమాబ్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

పసుపు పండే నిజామాబాద్ నేల మీద ఇంకో మాట చెప్పక తప్పదు. పసుపులోని కర్క్యుమిన్ ప్రయోగశాల గాజు పళ్లేల్లోని క్యాన్సర్ కణాల మీద పనిచేసినట్టు చాలా పరిశోధనలున్నాయి. కానీ నోటితో తీసుకున్నప్పుడు రక్తంలోకి చేరేది బహు స్వల్పం. అది మనుషుల్లో క్యాన్సర్‌ను నయం చేస్తుందని రుజువు కాలేదు. కూరలో వేసుకునే పసుపుతో ఇబ్బంది లేదు. దాన్నే మందుగా నమ్మి చికిత్స వాయిదా వేస్తే మాత్రం చేజేతులా జబ్బుకు గడువిచ్చినట్టే. పసుపు మాత్రలు వాడుతుంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి.

పసుపు ఉడకబెట్టే రోజులనీ, చుట్టిన బీడీల లెక్క అప్పజెప్పాలనీ రొమ్ములో గడ్డను దాచుకోకండి. నొప్పి లేదని ధీమాగా ఉండకండి. బయాప్సీ అయ్యాక చికిత్స మొదలుపెట్టే ముందే డాక్టర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈఆర్, పీఆర్ (హార్మోన్ గ్రాహకాలు), హెర్-2 ఏమొచ్చాయి?’ ఆ రిపోర్టు జిరాక్సులు తీసి పెట్టుకోండి. ఆసుపత్రి మారాల్సి వస్తే బయాప్సీ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాక్‌ను కూడా అడిగి తీసుకెళ్లండి. ఏ మందు వేయాలో చెప్పేవి అవే.