ఎండకాలపు వెండితెర

పదవ తరగతి విద్యార్థులు చివరి పరీక్ష వ్రాసి చేతులు దులుపుకొని, బడితలుపులు జూన్ రెండవ వారము దాక మూతపడి, క్రొత్తావకాయ జాడీల కెక్కు వేళకు తెలుగునాట మఱియొక సందడి కూడ ఆరంభమగును. చిత్రవ్యాపారులు దానిని సమ్మర్ సీజన్ అందురు. సంక్రాంతి, దసరా సీజన్లు పండుగ నాలుగునాళ్లను నమ్ముకొనియుండగా, వేసవి మాత్రము రెండు మాసములకు పైగా ప్రేక్షకుని కొఱకు ద్వారము తెఱచియుంచును. కావుననే రాబోవు వేసవి యెట్లుండునో యని నిర్మాతలు, బయ్యర్లు, థియేటరు యజమానులు ఉగాదికి ముందునుండియే లెక్కలు గట్టుచుందురు.

దీనికి కారణములు స్పష్టమే. పిల్లలకు సెలవులు, అమ్మమ్మగారి యింట చేరిన బంధువర్గము, రబీపంట అమ్ముకొనిన రైతు చేతిలో నాలుగు రూకలు, అన్నిటికంటె మిన్నగా, రోళ్లు పగులు రోహిణీకార్తె యెండలో మూడుగంటల చల్లదనము. మ్యాట్నీ వేళకు నెత్తిన తువ్వాలు కప్పుకొని బుకింగు కిటికీ చువ్వల సందున చేయి దూర్చి టికెట్లు సంపాదించిన గృహస్థుడు, సంతతితో కూడ చీకటిహాలున అడుగిడి, టార్చిలైటు చూపిన వరుసలో కూలబడి, ఏ.సి. గాలి మెడకు సోకగా నిట్టూర్చునప్పుడు, తెరపై పేర్లు పడకమునుపే అతని సొమ్ములో సగము గిట్టుబాటైనట్లే.

ఈ యనుబంధము నిన్నమొన్నటిది కాదు. 'పాతాళభైరవి' 1951 మార్చి 15న, 'మాయాబజార్' 1957 మార్చి 27న, 'లవకుశ' 1963 మార్చి 29న ప్రజల ముందునకు వచ్చి వేసవి పొడుగునను ఆడినవి. తెలుగున తొలి పూర్తిరంగుల చిత్రమైన 'లవకుశ'ను చూచుటకై పల్లెజనులు బండ్లు గట్టుకొని, పిల్లాపాపలతో పట్టణములకు తరలివచ్చిరి.

కాలక్రమమున కొన్ని తేదీలకే ఖ్యాతి వచ్చెను. ఎన్.టి. రామారావు నాయకుడుగా, కె. రాఘవేంద్రరావు దర్శకత్వమున 'అడవిరాముడు' 1977 ఏప్రిల్ 28న విడుదలయ్యెను. 1994లో 'యమలీల', 2006లో 'పోకిరి', 2017లో 'బాహుబలి' రెండవ భాగము అదే తేదీన వచ్చి ఘనవిజయము గాంచినవి. మే 9 కథ యంతకంటె విచిత్రము. 1990లో పెనుతుపాను కోస్తాంధ్రమును అతలాకుతలము చేసిన ఆనాడే 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలయ్యెను. అయినను వాన వెలిసినంతనే జనము హాళ్లకు పోటెత్తిరి. పరిశ్రమవారు ఈ తేదీలను సెంటిమెంటుగా తలచినను, మహిమ తేదీలలో లేదు. ఆ రెండును పాఠశాలల వేసవి సెలవులలో పడుచుండుటయే అసలు రహస్యము.

నిండైన వేసవి యెట్లుండవలెనో 2018 చూపినది. 'రంగస్థలం' మార్చి 30న, 'భరత్ అనే నేను' ఏప్రిల్ 20న, 'మహానటి' మే 9న, సుమారు మూడేసి వారముల యెడముతో వచ్చినవి. ఒకటి పల్లెటూరి కక్షల కథ, ఒకటి యువ ముఖ్యమంత్రి కథ, ఒకటి సావిత్రి జీవితము. ఒకదాని జనమును మఱొకటి హరింపలేదు, హాళ్లు ఖాళీగా నుండలేదు. 2024లో దీనికి విరుద్ధము జరిగెను. మే 9న రావలసిన 'కల్కి 2898 ఏ.డి.' జూన్ 27కు జరిగెను, మే 13న ఉభయ తెలుగు రాష్ట్రములలో ఎన్నికల పోలింగు, సాయంకాలములను ఐ.పి.ఎల్. క్రికెట్టు ఆక్రమించెను. కొత్త బొమ్మలు లేక, వచ్చిన చిన్నచిత్రములకు జనము రాక, తెలంగాణమున సింగిల్ స్క్రీన్ థియేటర్లవారు నడివేసవిలోనే పదిదినములు ఆటలు నిలిపివేయుటకు నిశ్చయించిరి.

హాలు నిండినను, పదిమందియే కూర్చున్నను ఏ.సి. ఒకే తీరున తిరుగవలెను. గేటుమనిషి జీతమును తగ్గదు. పెద్దచిత్రమొక్కటి తప్పుకొనిన సీజనంతయు కుంగుచున్నదనగా, మన వేసవి ఒంటిస్తంభముపై నిలిపిన పందిరి యైనదన్నమాట. ఈ లోపమునకు బాధ్యత ఒక్కరిది కాదు. ప్రకటించిన తేదీకి చిత్రమును సిద్ధము చేయక నెలలు జరుపు నిర్మాతలకెంత పాత్ర గలదో, పెద్ద నాయకుని బొమ్మ తప్ప మఱియొకటి హాలున చూడదగదని యింట కూర్చుండు ప్రేక్షకులమైన మనకును అంత పాత్ర గలదు.

కావున రాబోవు వేసవికి నిర్మాతలు తమలో తాము మాటలాడుకొని, మూడేసి వారముల యెడముతో తేదీలు పంచుకొనుట మేలు. ప్రేక్షకులకును రెండు మాటలు. పెద్దచిత్రములకు తొలి దినములలో ప్రభుత్వానుమతితో టికెట్టు ధర పెంచుట పరిపాటి యైనది గనుక, కుటుంబముతో పోవువారు ఆ పెంపు గడువు ముగియుదాక ఆగినచో తొక్కిసలాట తప్పును, ఖర్చును తగ్గును. అట్లు మిగిలిన సొమ్ముతో, బాగున్నదని నలుగురు చెప్పిన చిన్నచిత్రమునకు టికెట్లు కొనుడు. మీ ఊరి థియేటరు వచ్చే వేసవికి తెఱచియుండుట ఆ టికెట్ల మీదనే ఆధారపడియున్నది.