కొండ ఎక్కలేనివారు

విజయనగరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరాన, నెల్లిమర్ల మండలంలో ఉన్న రామతీర్థం బహుప్రాచీనమైన స్థలం. గురుభక్తులకొండ మీద బౌద్ధవిహారాల శిథిలాలు, దుర్గకొండ మీద జైనశిల్పాలు, బోధికొండ మీద కోదండరాముని ఆలయం. 11వ శతాబ్దిలో తూర్పు చాళుక్య ప్రభువు విమలాదిత్యుని గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఈ రామకొండను సేవించినట్లు ఇక్కడి శాసనం చెబుతున్నది. వేయేండ్లకు పైబడి మూడు మతాలవారూ ఈ కొండలెక్కారు. ఎక్కగలిగినవారు మాత్రమే ఎక్కారన్నది శాసనాలకెక్కని సంగతి.

కార్తికమాసపు వనభోజనాలకూ, విజ్ఞానయాత్రలకూ ఇటువంటి చోట్లకు విద్యార్థులను తీసుకొనిపోవడం పాఠశాలలకు పరిపాటి. తరగతిలో కాలు చచ్చుబడిన పిల్లవాడొకడుంటే వానికి లభించే పదవి ఏదో ఉపాధ్యాయులెరుగుదురు: చెప్పులకూ సంచులకూ కాపలా. ఇందులో ఎవరి క్రౌర్యమూ లేదు. దిగివచ్చినవారు ప్రసాదం వాని చేతిలో పెడతారు కూడా. కాని మరునాడు తరగతిలో కొండమీది ముచ్చట్లు సాగుతూంటే వాడు వినేవాడే గాని చెప్పేవాడు కాడు.

కొండను చదును చేయగలమా అని అడుగుతారు. చేయలేము. చక్రాల కుర్చీ సాగే వాలుదారికి అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలన్నది ప్రమాణం. వంద అడుగుల ఎత్తుకు 1,200 అడుగుల దారి, నడుమ నడుమ ఆగడానికి చదునైన చోట్లు. రాతికొండ మీద అది దుస్సాధ్యం. శిథిలాల నడుమ హానికరం. అయితే కొండకు చెప్పే ఈ సమాధానాన్నే ఊరిలోని ఉద్యానవనానికీ చెప్పడం న్యాయమా? అక్కడ అడ్డువచ్చేది కొండ కాదు, గుమ్మం ముందున్న ఆరంగుళాల మెట్టు. దానికి కావలసింది ఆరడుగుల వాలు. పశువులూ మోటారు సైకిళ్ళూ చొరబడకుండా కొన్నిచోట్ల ఇనుపకమ్ములు వంకరగా పాతుతారు. ఆవుతోపాటు మనిషీ ఆగిపోతాడు. వీపుకు ఆనుడులేని ఊయల, కుర్చీచక్రం దిగబడే ఇసుకబాట, తలుపు ఇరుకైన మరుగుదొడ్డి, కూర్చున్నవారికి అందని కుళాయి: అన్నీ చిన్న విషయాలే, కలిస్తే గోడ.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వినోదంలోనూ, సాంస్కృతిక జీవితంలోనూ సమానంగా పాల్గొనడాన్ని హక్కుగా గుర్తించింది. అందులో ప్రజాభవనమన్న మాటకు అర్థం విశాలం. పూజకు, కళలకు, విశ్రాంతికి, ఆటకు ప్రజలు చేరే భవనాలన్నీ దాని కిందికి వస్తాయి. ఉన్నవాటిని సరిచేయడానికి ఇచ్చిన అయిదేండ్ల గడువు 2022 జూన్‌తో ముగిసింది. కేవలం సలహాలుగా ఉన్న నిబంధనలు చాలవనీ, తప్పనిసరి ప్రమాణాలు ఏర్పరచాలనీ సుప్రీంకోర్టు 2024 నవంబరులో తీర్పు చెప్పింది. ఈలోపల వికలాంగులకు దివ్యాంగులన్న గౌరవనామం వచ్చింది. మెట్టు మాత్రం చాలాచోట్ల ఉన్నచోటనే ఉన్నది.

విజయనగరానికి ఈ విషయంలో ఘనమైన పూర్వచరిత్ర ఉన్నది. సంస్థానోద్యోగి చాగంటి జోగారావు కుమారునికి చూపు లేదు. ఆ బాలుడు సంగీతం నేర్చుకొనేందుకు వీలుగా విజయరామ గజపతి మహారాజు 1919లో ఏకంగా సంగీత పాఠశాలనే నెలకొల్పారని దాని చరిత్ర. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. చూపు మందగించిన ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వాయులీన ఆచార్యులై, 1936లో అధ్యక్షపదవినీ అలంకరించారు. ఒక్క బాలుని నిమిత్తం తెరచిన ఆ బడిలోనే తరువాత ఘంటసాల చదివారు, సుశీల చదివారు. గుమ్మం ముందు వేసిన వాలు సంగతీ అంతే. కుర్చీలో వచ్చేవారి కోసం వేస్తారు. చంటిబిడ్డను బండిలో తోసుకొచ్చే తల్లీ, మోకాళ్ళనొప్పుల ముసలివారూ దాని మీదనే నడుస్తారు.

విశాఖ సముద్రతీరాన అన్నివిధాల పిల్లలూ కలిసి ఆడుకొనేటట్లు ఒక ఉద్యానం నిర్మించారు. మంచి పనే. నిర్వహణ చూడాలి, ఉప్పుగాలికి ఇనుము ఎక్కువకాలం నిలవదు. అయినా నెల్లిమర్ల పిల్లవానికి విశాఖ నిత్యం పోయివచ్చే దూరం కాదు గనుక, వాని ఊరి తోటే బాగుపడాలి.

ఈ ఏడు వనభోజనాలకు చోటు నిర్ణయించే ఉపాధ్యాయులు ముందుగా విద్యార్థులతో ఒక కొలతటేపు పంపవచ్చు. ద్వారం వెడల్పు 90 సెంటీమీటర్లున్నదా, వాలు ఒకటికి పన్నెండుకన్న నిటారుగా ఉన్నదా అన్నది లెక్కల పాఠం కూడా అవుతుంది. ఆ కొలతలను పంచాయతీకో, పురపాలక సంఘానికో రాసి పంపవచ్చు. తరగతిలో చక్రాల కుర్చీ వాడే విద్యార్థి ఉంటే కొలిచే బృందానికి అతనినే నాయకుని చేయాలి. చక్రం ఎక్కడ ఆగుతుందో అతనికి తెలిసినట్లు తక్కినవారికి తెలియదు.