దాచుకొను అండములు ఎన్ని?

చల్లిన గింజలన్నియు మొలవవు. మొలచినవన్నియు పంటకు రావు. సేద్యపుటిండ్లలో పుట్టిన మనకిది క్రొత్త సంగతి కాదు. అయినను, మున్ముందు సంతానము కొరకు అండములను దాచుకొనదలచువారు, వారి పెద్దలును మొదట మరచునది ఇదియే.

మాకు వరుసకు చెల్లెలగు నొకతె హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నది. వయస్సు 37 సంవత్సరములు, వివాహము కాలేదు. గత సంవత్సరము పదిపండ్రెండు దినములు సూదిమందులు పుచ్చుకొని, అటుపిమ్మట మత్తుమందిచ్చి వైద్యులు తీయగా, ఆమెకు పక్వమైన అండములు ఎనిమిది లభించినవి. “కావలసినది ఒక్క బిడ్డ. ఎనిమిది యుండగా మరల ఈ బాధ యెందులకు?” అని మా పిన్నమ్మ వారించెను. “అక్కయ్యా, నీవేమందువు?” అని చెల్లెలు మమ్మడిగెను.

అండములను మంచుపలుకులు కట్టనీయక అతిశీఘ్రముగా గడ్డపరచి, ద్రవ నత్రజనిలో సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో నుంతురు. వానిని మరల కరగించునపుడు కొన్ని చెడును. మిగిలినవానిలో కొన్నియే ఫలించి పిండములగును. ఆ పిండములలోను గర్భమున నిలిచి ప్రసవము వరకు సాగునవి కొన్నియే. వయస్సు పెరిగిన కొలది ప్రతి మెట్టునను నష్టము హెచ్చును.

అమెరికా వైద్యులు 2017లో ప్రకటించిన యొక గణనము ననుసరించి, 20 పక్వాండములు దాచుకొన్నచో కనీసము ఒక బిడ్డ కలుగుటకు 34 ఏండ్ల స్త్రీకి నూటికి 90 పాళ్లు, 37 ఏండ్ల స్త్రీకి 75, 42 ఏండ్ల స్త్రీకి 37 పాళ్లు అవకాశము గలదు. నూటికి 75 పాళ్ల ఆశ కావలెనన్న 34 ఏండ్లకు 10 అండములు చాలును. 37కు 20, 42కు 61 కావలయును. ఇవి అంచనాలే గాని హామీలు గావు. దాచిననాటి వయస్సే ఇచట ముఖ్యము.

ఈ లెక్క విని పిన్నమ్మ మిన్నకుండెను. అయినను లెక్కయే సర్వము గాదు. సూదిమందులచే కడుపుబ్బరము, వేదన కలుగవచ్చును. అరుదుగా అండాశయములు మిక్కిలి ఉబ్బి ప్రమాదమును తెచ్చును. ఒక్కొక్క విడతలో ఎన్ని లభించునో రక్తపరీక్షయు స్కానింగును కొంత సూచించును గాని నిశ్చయింపజాలవు. వ్యయము విడతవిడతకు వేరు. దాచియుంచుటకు వేరుగా రుసుము చెల్లింపవలయును. మన దేశమున 2021 నాటి శాసనము ప్రకారము అండములను 10 సంవత్సరములకు మించి దాచరాదు. 50 ఏండ్లు నిండిన స్త్రీకి ఈ చికిత్స చేయరాదు.

చెల్లెలు మరియొక విడతకు సాహసించెను. ఆరు లభించినవి. మొత్తము పదునాలుగు. ఇరువది కాలేదు. “అక్కయ్యా, నా దేహమునకును నా జీతమునకును ఇంతయే శక్తి. ఇక చాలును” అనెను. పిన్నమ్మయు, మేమును మారుపలుకలేదు.

సోదరీమణులారా! మన ఇండ్లలోని యువతి యెవరైన ఈ మాట యెత్తినచో “ఎన్ని వచ్చినవి?” యని మాత్రమే అడుగకుడు. ఆమె వయస్సెంత, బిడ్డలెందరు కావలెను, ఎన్ని విడతలకు ఓర్వగలదు - ఈ మూడును ఆమెచేత వైద్యునితో విచారింపజేయుడు. సంఖ్యను నిర్ణయించుకొను హక్కు ఆమెదే. ఆమె “చాలు” అన్ననాడు ఆ మాటను మన్నించుట మన ధర్మము.