సమూహం సృష్టించే పోకెమాన్‌కు దాడి సామర్థ్యాంకాల నిర్ణయం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ఆటగాళ్ల సమూహమే చర్చించి, ఓటు వేసి ఒక కొత్త జీవిని రూపొందించే ప్రయత్నం క్రియేట్-ఎ-పోకెమాన్. ఆ ప్రక్రియలో దాడికి సంబంధించిన అంకెలు ఎంత ఉండాలి, ఏ వైపు ఉండాలి అన్న నిర్ణయం వెనుక గల గణితాన్ని, తర్కాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: పోకెమాన్, సామర్థ్యాంకాలు, ఎటాక్, స్పెషల్ ఎటాక్, సామూహిక రూపకల్పన

ఉపోద్ఘాతం

స్మోగన్ యూనివర్సిటీ పేరులో విశ్వవిద్యాలయం ఉన్నా అది విద్యాసంస్థ కాదు. పోకెమాన్ పోటీ ఆటను నిశితంగా అధ్యయనం చేసే ఆటగాళ్ల సమూహం. క్రియేట్-ఎ-పోకెమాన్ 2007లో ఈ సమూహంలోనే ప్రారంభమైంది. జీవిని తయారు చేయడం దీని అంతిమ లక్ష్యం కాదు. ఆ తయారీ ద్వారా పోటీ ఆట స్వభావాన్ని తెలుసుకోవడమే లక్ష్యం. ముందుగా ఒక భావనను ఎన్నుకుంటారు. టైప్, ఎబిలిటీ, సామర్థ్యాంకాలు, ఎత్తుగడలు ఆ భావనను అనుసరించి నిర్ణయమవుతాయి. కనుక దాడి అంకె ఎంత ఉండాలన్న ప్రశ్న నిజానికి ప్రయోగం చెల్లుబాటుకు సంబంధించినది. ప్రత్యర్థిని క్రమంగా బలహీనపరిచి గెలిచే జీవి అన్న భావనను పరీక్షిస్తూ దానికి 130 ఎటాక్ ఇస్తే, అది గెలిచినప్పుడు ఆ గెలుపు భావనదో అంకెదో తేల్చడం సాధ్యం కాదు.

అంకె నుండి దెబ్బ వరకు

జీవికి ఇచ్చే మూలాంకం యుద్ధంలో యథాతథంగా పనిచేయదు. 100వ స్థాయిలో మూలాంకాన్ని రెట్టింపు చేసి, దానికి పుట్టుకతో వచ్చే గరిష్ఠ విలువ 31ని, శిక్షణతో వచ్చే 252 ఎఫర్ట్ పాయింట్లలో నాలుగో వంతైన 63ను, మరో 5ను కలుపుతారు. అనుకూలమైన నేచర్ ఉంటే ఆ మొత్తం పది శాతం పెరుగుతుంది. ఈ లెక్కన మూలాంకం 100 అయితే ఎటాక్ 328; 120 అయితే 372.

దెబ్బ లెక్కలో ఈ ఎటాక్‌ను ఎత్తుగడ శక్తితోనూ, స్థాయిని బట్టి వచ్చే 42తోనూ గుణించి, ప్రత్యర్థి డిఫెన్స్‌తో భాగిస్తారు. దానిని 50తో భాగించి 2 కలుపుతారు. ఆపై 85 నుండి 100 శాతం వరకు యాదృచ్ఛిక వ్యత్యాసం వర్తిస్తుంది. ఎత్తుగడ, జీవి ఒకే టైప్‌కు చెందినవైతే ఫలితం ఒకటిన్నర రెట్లవుతుంది. ప్రతి దశలోనూ భిన్నాంకాలు రాలిపోతాయి. రూపకర్తలు తరచుగా మరచిపోయేది ఈ రాలిపోవడాన్నే.

ఒక ఉదాహరణ: ప్రత్యర్థి డిఫెన్స్ 300, మిగిలిన హిట్ పాయింట్లు 240 అనుకుందాం. ఎత్తుగడ శక్తి 90, టైప్ జీవిదే. మూలాంకం 118 అయితే కనిష్ఠ దెబ్బ 118. రెండు దెబ్బలు కలిసినా 236 మాత్రమే, ప్రత్యర్థి బతికిపోవచ్చు. మూలాంకం 119 అయితే కనిష్ఠ దెబ్బ 120. రెండు దెబ్బలతో ప్రత్యర్థి పతనం ఖాయం. 120కి పెంచితే? ఈ సందర్భంలో ఫలితం 119తో సమానమే. అంటే దాడి బలం నున్నటి వాలులా కాక మెట్లుమెట్లుగా పెరుగుతుంది. అందుచేత సామర్థ్యాంకాలను ప్రతిపాదించే సభ్యుడు ఏ ప్రత్యర్థిని ఎన్ని దెబ్బలలో పడగొట్టాలో, ఎవరిని పడగొట్టకూడదో ముందే నిశ్చయించుకుని, ఆ మెట్టుకు చాలిన అంకెను వెతకవలసి ఉంటుంది. ఈ రెండో సగమే కష్టం. 120, 130 వంటి గుండ్రటి అంకెలు చూపుకు బాగుంటాయి తప్ప వాటికి వేరే సమర్థన లేదు.

ఏ వైపు?

2006లో వచ్చిన డైమండ్, పర్ల్ ఆటల వరకు ఎత్తుగడ భౌతికమా, ప్రత్యేకమా అన్నది దాని టైప్‌ను బట్టి ఉండేది. ఆ ఆటల నుండి ప్రతి ఎత్తుగడకూ విడిగా నిర్ణయమైంది. దీనితో రూపకర్తకు స్వేచ్ఛ పెరిగింది. అయితే రెండు వైపులూ సమానం కావు. బర్న్ సోకితే భౌతిక దెబ్బ సగమవుతుంది. ఇంటిమిడేట్ ఎబిలిటీ ఎటాక్‌ను మూడింట రెండు వంతులకు తగ్గిస్తుంది. ప్రత్యేక దాడికి ఇంత విస్తృతమైన అడ్డంకులు లేవు. కాబట్టి ఎటాక్ 110, స్పెషల్ ఎటాక్ 110 కాగితం మీద ఒకటే అయినా ఆటలో ఒకటి కావు.

వాడని వైపు అంకె విషయంలోనూ నిర్లక్ష్యం తగదు. ఫౌల్ ప్లే అనే ఎత్తుగడ ప్రత్యర్థి ఎటాక్‌నే వాడుకుని ఆ ప్రత్యర్థినే కొడుతుంది. ప్రత్యేక దాడి చేసే జీవికి అనవసరంగా ఎటాక్ ఎక్కువ ఇవ్వడమంటే శత్రువు చేతికి కత్తి ఇవ్వడమే.

రెండు వైపులా దాడి చేసే జీవిది రెండు పడవల ప్రయాణం. ఎఫర్ట్ పాయింట్లు మొత్తం 510, ఒక్కో సామర్థ్యానికి గరిష్ఠం 252. రెండు దాడులకూ పూర్తిగా కేటాయిస్తే వేగానికి దాదాపు ఏమీ మిగలదు. అందువల్ల ఇటువంటి జీవికి మూలాంకాలలోనే వేగం ఉండాలి. ఈ ప్రాజెక్టులో తొలి జీవి అయిన సిక్లాంట్ ఇందుకు చక్కని నిదర్శనం: ఎటాక్ 116, స్పెషల్ ఎటాక్ 114, వేగం 121. ఐస్, బగ్ టైప్‌లు కలవడంతో నిప్పు, రాతి దాడులు దానికి నాలుగు రెట్లు తగులుతాయి. రక్షణాంకాలు 70, 64 మాత్రమే. దాడి బలానికి మూల్యం అక్కడ చెల్లించారు.

ఓటు, సంయమనం

తుది ఎంపిక ఓటుతో జరుగుతుంది. పెద్ద అంకె వైపు మొగ్గడం ఓటరుకు సహజం. తాను రూపొందించిన జీవి ఓడిపోవాలని ఎవరూ కోరుకోరు. ఆ మొగ్గును అదుపు చేసేందుకే ఈ ప్రక్రియలో భౌతిక, ప్రత్యేక దాడులకు, రక్షణలకు ముందే పరిమితులు విధించే పద్ధతి ఏర్పడింది.

సంయమనం బలహీనత కాదనడానికి రెవనాంక్‌ను చూడవచ్చు. దాని ఎటాక్ 105, స్పెషల్ ఎటాక్ 65, వేగం 65. ఎటాక్‌కు ఎఫర్ట్ పాయింట్లు, అనుకూల నేచర్ ఏవీ లేకుండా దాని యుద్ధకాలపు విలువ 246. బల్క్ అప్ ఎత్తుగడను ఒక్కసారి వాడితే డిఫెన్స్‌తో పాటు ఎటాక్ కూడా ఒకటిన్నర రెట్లు పెరిగి 369 అవుతుంది. మూలాంకం 119 ఉన్న జీవి పూర్తి శిక్షణతో, అనుకూల నేచర్‌తో చేరేది 370. తేడా ఒక్కటే, కానీ రెవనాంక్ చేతిలో ఎఫర్ట్ పాయింట్లన్నీ ఇంకా మిగిలే ఉంటాయి.