చీర, ధోతి వేడుకపై తక్కువ ఖర్చుతో డాక్యుమెంటరీ

గత యూనిట్‌లో డాక్యుమెంటరీ పుట్టుక, రకాలు చదివారు. ఇక కెమెరా పట్టే పని. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే దారిలోని ఎడపల్లిలో, మీకు తెలిసినవాళ్ల ఇంట్లో వేడుక జరగబోతోందనుకుందాం. పద్నాలుగేళ్ల అమ్మాయికి చీర, ఆమె తమ్ముడికి ధోతి. ఇద్దరికీ ఒకే రోజు, ఒకే ఫంక్షన్ హాల్లో. మీ దగ్గర ఒక ఫోను, ఒక ట్రైపాడ్, వైరున్న కాలర్ మైకు ఉన్నాయి. ఇవి చాలు.

ముందు ఆహ్వాన పత్రిక చదవండి. ‘నూతన వస్త్రాలంకరణ మహోత్సవం’ అని ఇద్దరికీ కలిపి ఒకే మాట వేస్తారు. అబ్బాయి ధోతికి ఒక వయసు, ఇంటివాళ్ల వీలు కుదిరితే చాలు. అమ్మాయి చీర వెనుక మాత్రం ఆమె రజస్వల కావడం ఉంది. అది నెలల కిందటో, ఏడాది కిందటో జరిగి ఉండవచ్చు. అప్పుడు ఇంటి ఆడవాళ్లకే తెలిసిన సంగతిని ఇప్పుడు పత్రిక పైకి అనకుండానే ఊరందరికీ చెబుతోంది. వీడియోగ్రాఫరుకు ఈ తేడాతో పనిలేదు, మీకు ఉంది. మీ చిత్రానికి విషయం అదే.

కాబట్టి మొదటి ప్రశ్న అనుమతి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగా లెక్కించి, వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. సంతకం తీసుకోండి. అక్కడితో సరిపెట్టుకోకండి. తండ్రి పక్కన లేనప్పుడు, తల్లి ఎదుటో పెద్దక్క ఎదుటో అమ్మాయిని విడిగా అడగండి: ‘ఈ సినిమా మీ బడిలో పిల్లలు చూస్తే నీకు ఎట్లా ఉంటుంది?’ ఆమె మౌనంగా ఉంటే దాన్ని ఒప్పుకోలుగా తీసుకోవద్దు.

నేను పాఠం చెప్పే రోజుల్లో ఒక విద్యార్థి ఇలాంటి చిత్రమే తీసి తెచ్చాడు. మంగళస్నానం దృశ్యంలో వెలుతురు చాలా బాగుంది. అమ్మాయి మాత్రం మూడుసార్లు కెమెరా నుంచి ముఖం తిప్పుకుంది. నేను వెలుతురుకు మార్కులు వేశాను, ఆ ముఖం సంగతి అడగలేదు. ఆ తప్పు నాదే. ఇప్పుడైతే స్నానం అసలు తీయవద్దంటాను. తలుపు బయట నిలబడి, పసుపు గిన్నెలతో లోపలికి వెళ్లే ముత్తయిదువలను, లోపలి నుంచి వినిపించే నవ్వులను తీయండి, చూసేవారికి అంతా అర్థమవుతుంది.

వేడుక రోజుకంటే దానికి ముందు వారమే మీకు ఎక్కువ పనికొస్తుంది. నానమ్మను వాకిట్లో కూర్చోబెట్టి మాట్లాడించండి. ఆమె కాలంలో ఏ మూల కూర్చోబెట్టారు, ఏం తినిపించారు, ఆ తర్వాత ఎన్నాళ్లకు పెళ్లి చేశారు? చివరి ప్రశ్న మరవకండి. ఒకప్పుడు ఈ వేడుక ‘పిల్ల పెళ్లికి ఎదిగింది’ అని చాటడానికే. ఇప్పుడు 18 నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం. మరి అదే వేడుక ఇవాళ దేన్ని చాటుతోంది? తల్లి ఒక జవాబు చెబుతుంది, మేనమామ మరొకటి. రెండూ ఉంచండి.

డబ్బు సంగతీ అడగండి. ఇది చెరుకు నేల. 1930లలో మొదలైన బోధన్ నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు పైసలు వచ్చిన కాలంలో వాకిట్లో పందిరి కింద ఎట్లా చేశారు, ఇప్పుడు హాలుకు ఖర్చు ఎక్కడిది? కట్నాలు రాసే పుస్తకం దగ్గర కాసేపు నిలబడండి. రాసే చేతిని తీయండి, పేర్లు కనబడనీయకండి.

సాంకేతిక విషయాలు కొన్నే. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 పెడితే హాలు దీపాల మినుకు చాలావరకు తగ్గుతుంది. సెకనుకు 17 మెగాబిట్ల లెక్కన గంట చిత్రీకరణకు 7.6 జీబీ పైగా పడుతుంది. ముందురోజే ఖాళీ చేసుకోండి. హాల్లో డీజే మోగుతుండగా ఎవరితోనూ మాట్లాడించవద్దు, ఒక్క ముక్కా వినబడదు. పైగా ఆ సినిమా పాటలకు 1957 కాపీరైటు చట్టం వర్తిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు పాడే మంగళహారతి రికార్డు చేసుకోండి. వీడియోగ్రాఫరుతో ముందే మాట కలపండి. ఆయన లైట్ల వెలుతురు మీకు ఉచితంగా దొరుకుతుంది.

1961లో విడుదలైన ‘ఒక వేసవి వృత్తాంతం’ చిత్రాన్ని ఫ్రాన్సులో జాన్ రూష్, ఎడ్గార్ మోరాన్ తీసినప్పుడు, అందులో కనిపించినవారికే ఆ దృశ్యాలు చూపించి, వారి వాదనలనూ చిత్రంలో చేర్చారు. ఆ పనికి ఖర్చేమీ లేదు. మీరూ ఎడిటింగ్ ముగించక ముందే ఇంటివాళ్లకు చూపించండి, అందరికంటే ముందు అమ్మాయికి ఒక్కదానికే. ఆమె వద్దన్న షాట్లను తీసేయండి, అది మీకు ఎంత ఇష్టమైన షాటైనా. తీసేసినదాన్ని ఫోనులోంచీ పెన్‌డ్రైవులోంచీ కూడా ఆమె ముందే చెరిపి, అప్పుడు ప్రాజెక్టు సమర్పించండి.