చేపల తొట్టిలో పాచి చేసే పని

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి సగటున కురిసే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. నైరుతి ఋతుపవనం పడమటి కనుమలు దాటి ఇక్కడికి వచ్చేసరికి దాని తడి చాలావరకు ఆరిపోతుంది. ఇటువంటి చోట పాఠశాలలో చేపలను పెంచదలిస్తే మొదట ఎదురయ్యేది నీటి ప్రశ్నే. నూరు లీటర్ల గాజుతొట్టిలో వారం వారం నాలుగవ వంతు నీరు మార్చితే ఏడాదికి 1,300 లీటర్లు కావలెను.

నీటిని అసలు ఎందుకు మార్చవలెను? చేప తిన్న మేతలోని మాంసకృత్తులు జీర్ణమైన తరువాత వాటి నత్రజని అమ్మోనియాగా మారి మొప్పల ద్వారా నీటిలోనికి వస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా అమ్మోనియాయే పుడుతుంది. ఇది చేపలకు విషం. తొట్టిలోని కొన్ని సూక్ష్మజీవులు దీనిని నైట్రైటుగాను, మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగాను మార్చుతాయి. నైట్రేటు అంత విషం కాదు. కాని అది పోయే దారిలేక నానాటికి పేరుకొంటుంది.

పల్లెల్లో బురదనీటిని తేర్చడానికి కుండ లోపల చిల్లగింజను అరగదీసేవారు. మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకొని, బరువెక్కి, అడుగుకు దిగేవి. అయితే నీటిలో కరిగి ఉన్నదానిని చిల్లగింజ తీయలేదు. గుడ్డతో వడగట్టినా అది పోదు. దానిని ఆహారంగా తీసుకొనే ప్రాణి ఏదైనా ఉండవలెను.

బావి మెట్ల మీద, చెరువు తూముల రాళ్ల మీద పచ్చగా పెరిగే పాచి అటువంటిదే. సూర్యకాంతిలో అది బొగ్గుపులుసు వాయువుతోపాటు అమ్మోనియాను, నైట్రేటును, ఫాస్ఫేటును గ్రహించి తన శరీరాన్ని నిర్మించుకొంటుంది, ఆమ్లజనిని విడుస్తుంది. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ ఈ గుణాన్ని ఆధారం చేసుకొని, పాచితో నీటిని శుద్ధిచేసే సాధనానికి 1982లో పేటెంటు పొందాడు. ఆయన సముద్రజీవుల తొట్లకు దీనిని వాడాడు. మంచినీటి తొట్టికీ సూత్రం అదే.

సాధనం చాలా సులభం. గరుకైన ప్లాస్టిక్ వలను తొట్టిపైన నిలిపి, చిన్న పంపుతో నీటిని దానిమీద పలుచగా జారనిచ్చి, తిరిగి తొట్టిలో పడేటట్లు చేయవలెను. వలకు మంచి వెలుతురు తగలవలెను. కొన్ని వారాలలో పాచి పట్టుతుంది. అంతవరకు చేపలు కొద్దిగానే ఉండవలెను. కరెంటు తరచు పోయే చోట వల ఎండిపోకుండా, దానిని నీటిలోనే వెలుతురు వైపు వేలాడదీయవచ్చును. అప్పుడు పని నెమ్మదిగా సాగుతుంది. రాత్రివేళ పాచి కూడా ఆమ్లజనిని వాడుకొంటుంది కనుక తొట్టిలో చేపలను కిక్కిరియనీయరాదు.

ఇక్కడ ముఖ్యమైన విషయం ఒకటి ఉన్నది. పాచి పెరిగినంత మాత్రాన శుద్ధి పూర్తి కాదు. అది తొట్టిలోనే చచ్చి కుళ్లితే, తీసుకొన్నదంతా నీటికి తిరిగి ఇచ్చివేస్తుంది. వారానికో, రెండు వారాలకో వలను బయటికి తీసి, కొంత పాచి మిగిల్చి తక్కినది గీకివేయవలెను. నీటిలోని మలినం నిజంగా బయటికి పోయేది ఆ గీకుడుతోనే. ఆ పాచి బడితోటలోని మొక్కలకు మంచి ఎరువు.

ఈ ప్రాంతంలో మరొక జాగ్రత్త అవసరం. ఇక్కడి బోరునీటిలో చాలాచోట్ల ఫ్లోరైడు, ఇతర లవణాలు ఎక్కువ. నీరు ఆవిరైనా లవణాలు మిగిలే ఉంటాయి. వేసవిలో వారానికి పది లీటర్లు ఆవిరై, ఆ లోటును అదే బోరునీటితో పూరిస్తూ పోతే, పది వారాలకు నూరు లీటర్ల తొట్టిలో లవణాలు దాదాపు రెట్టింపవుతాయి. పాచి వీటిని తీసివేయలేదు. కనుక తొట్టికి మూత ఉంచి, పూరించడానికి నిలవచేసిన వాననీటిని వాడడం మేలు. అప్పుడప్పుడు కొంత నీరు మార్చక తప్పదు. తీసిన నీటిని మాత్రం చెట్లకు పోయవచ్చును.

విద్యార్థులు దీనిని స్వయంగా పరీక్షించవచ్చును. ఒకే తొట్టి నీటిని రెండు గాజుపాత్రలలో సమంగా పోసి, ఒకదానిలో పాచి పట్టిన వలముక్కను, రెండవదానిలో ఖాళీ వలముక్కను ఉంచి, రెండింటినీ ఒకే వెలుతురులో పెట్టవలెను. నైట్రేటు పరీక్షకాగితంతో మొదటిరోజున, వారం తరువాత రంగును పోల్చి చూస్తే పాచి ఎంత పని చేసినదో తెలుస్తుంది.